సెకండ్ హ్యాండ్ బండి: అరవై వేలలో మోసపోకుండా కొనడం ఎలా? (గుంటూరు, విజయవాడ)

బ్రాడీపేట_కుర్రాడు | సోమవారం, రాత్రి 11:50

అందరికీ నమస్కారం. ఉండేది గుంటూరులో, ఉద్యోగం మంగళగిరిలో. రానూ పోనూ రోజుకు నలభై కిలోమీటర్లు. ఇన్నాళ్లూ బస్సులతో నెట్టుకొచ్చాను. ఇప్పుడు షిఫ్టు మారి రాత్రి పదకొండుకు బయటపడుతున్నాను. ఆ వేళ రోడ్డు పక్కన నిలబడి బస్సు కోసం చూడటం నా వల్ల కావడం లేదు. అమ్మ చీటీ పాడి అరవై వేలు చేతిలో పెట్టింది. పోతే మళ్లీ పుట్టే డబ్బు కాదు.

విజయవాడలో ఒక బండి చూశాను. హోండా షైన్, 2021 మోడల్, మీటరు 19 వేలు చూపిస్తోంది, ఒక్కరే వాడారని చెబుతున్నారు. అడుగుతున్నది 62 వేలు. మధ్యలో ఒక బ్రోకరు ఉన్నాడు. ఆదివారంలోగా తేల్చకపోతే ఇంకొకరు పట్టుకుపోతారని తొందర పెడుతున్నాడు. బండి చూడటానికి మెరిసిపోతోంది. నాకు నడపడం తప్ప బండి గురించి మరేమీ తెలియదు. ధర సరైనదేనా? వెళ్లినప్పుడు ఏమి చూడాలి?

భవానీపురం_రైడర్ | మంగళవారం, ఉదయం 7:15

62 వేలు చాలా ఎక్కువ. హైదరాబాద్‌లో ఇదే మోడల్ ఇంకా తక్కువకు దొరుకుతుంది. ఒక ఆదివారం వెళ్లి తెచ్చుకోండి. నేను అలాగే తెచ్చుకున్నాను.

ఆర్‌సీ_పుస్తకం | మంగళవారం, ఉదయం 9:02

రైడర్ గారూ, తెచ్చుకున్న బండిని మన రాష్ట్రానికి మార్పించుకున్నారా? పదేళ్లుగా రవాణా కార్యాలయం దగ్గర దరఖాస్తులు నింపడమే నా పని. చాలామంది ఇక్కడే లెక్క తప్పుతారు. పక్క రాష్ట్రం బండి కొంటే ముందు అక్కడి నుంచి నిరభ్యంతర పత్రం తేవాలి. దాని దరఖాస్తు ఫారం 28. పన్నెండు నెలలకు మించి ఇక్కడ ఉంచుకుంటే ఇక్కడి నంబరు వేయించాల్సిందే. బండి వయసునుబట్టి ఇక్కడ జీవిత పన్ను మళ్లీ కట్టాలి. అక్కడ మిగిల్చింది ఇక్కడ ఖర్చవుతుంది, తిరుగుడు అదనం.

ధర విషయానికి వస్తాను. 350 సీసీ వరకు ఉన్న బండ్లపై జీఎస్‌టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం కాస్తా 18 శాతం అయింది. పన్నుతో కలిపి 80 వేలున్న కొత్త బండి 73,750కి దిగిందన్నమాట. కొత్త బండి దిగితే పాతది కూడా దిగాలి. కానీ అమ్మేవారు చాలామంది ఇప్పటికీ వాళ్లు కొన్న ధరను మనసులో పెట్టుకునే చెబుతున్నారు. మీరు షోరూముకు వెళ్లి, ఈ రోజు అదే బండి రోడ్డు ఎక్కడానికి మొత్తం ఎంత అవుతుందో కాగితం మీద రాయించుకోండి. బేరం ఆ అంకె నుంచి మొదలుపెట్టాలి.

ఆటోనగర్_పానా | మంగళవారం, రాత్రి 9:30

తమ్ముడూ, ఇప్పుడే షాపు కట్టేసి కూర్చున్నాను, తీరికగా రాస్తాను. ఇరవై రెండేళ్లుగా ఆటోనగర్‌లో బండ్లు విప్పుతున్నాను. కొనేముందు మెకానిక్‌ను తీసుకెళ్లడం నామోషీ అనుకుని, కొన్న నెలకే నా దగ్గరకు తోసుకుంటూ వచ్చిన వాళ్లను ఎంతమందిని చూశానో లెక్క లేదు.

మొదటి మాట. నేను వచ్చేదాకా బండి స్టార్ట్ చేయవద్దని ముందే ఫోనులో చెప్పు. వెళ్లగానే ఇంజిన్ మీద చెయ్యి పెట్టు. వెచ్చగా ఉంటే ఒక గంట ఆగు, లేకపోతే మర్నాడు వెళ్లు. చల్లటి ఇంజిన్ అబద్ధం చెప్పదు, వేడెక్కిన ఇంజిన్ సగం రోగాలు దాచేస్తుంది. కిక్ ఉంటే సెల్ఫ్ జోలికి పోకుండా కాలితో కొట్టు. రాడ్డు కాలికి ఎదురు తిరగాలి. సులువుగా దిగిపోతే లోపల పట్టు పోయిందని అర్థం.

తెల్లవారుజామున స్టార్ట్ చేసినప్పుడు సైలెన్సర్ నుంచి కాసేపు తెల్లటి ఆవిరి వస్తుంది. దానికి భయపడవద్దు. నీలం పొగ వస్తేనే ఆలోచించాలి, ఇంజిన్ ఆయిల్ తాగుతోంది. యాక్సిలరేటర్ వదిలి మళ్లీ తిప్పినప్పుడు మాత్రమే వస్తే వాల్వు సీళ్లు పోయాయి. బండి లాగుతున్నంతసేపూ వస్తే రింగులు అరిగాయి, బోరు పని దాకా వెళ్లవచ్చు. పై నుంచి సన్నగా టకటకమంటే ట్యాపెట్, సర్దితే పోతుంది. పక్క నుంచి కరకరమంటే టైమింగ్ చైన్. కింద నుంచి గడగడమంటే బేరం చేయకుండా వెనక్కి తిరిగి వచ్చేయ్.

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 (పొగ కాలుష్యం తగ్గించే కొత్త ప్రమాణం) బండ్లలో కార్బురేటర్ లేదు, పెట్రోలును ఇంజెక్షన్ పంపుతుంది. తాళం తిప్పగానే మీటరులో ఇంజిన్ బొమ్మ ఉన్న దీపం ఒకసారి వెలగాలి, ఇంజిన్ నడవగానే ఆరిపోవాలి. ఆరకపోతే లోపం ఉంది. అసలు వెలగకపోతే ఎవరో దాని నోరు నొక్కారు, అది ఇంకా ప్రమాదం.

గుద్దుకున్న బండిని ఎలా పట్టాలో చెబుతాను. హ్యాండిల్ పూర్తిగా ఒక పక్కకు తిప్పితే మెడ దగ్గర ఒక ఇనుప ముక్కకు తగిలి ఆగుతుంది. రెండు పక్కలా ఆ ముక్కల్ని టార్చి వేసి చూడు. నొక్కుకుపోయినా, అక్కడ మాత్రమే కొత్త రంగు ఉన్నా ముందు నుంచి గట్టి దెబ్బ తగిలిన బండి. ట్యాంకుకు రంగు వేయించేవాడు ఆ మూలకు బ్రష్ పెట్టడు. ఆ మెడ దగ్గరే చాసిస్ నంబరు ఉంటుంది. వేలితో తడుముతూ ఆర్‌సీతో అక్షరం అక్షరం సరిచూడు. తర్వాత సెంటర్ స్టాండ్ వేసి, ముందు చక్రం పైకి లేపి హ్యాండిల్ మెల్లగా తిప్పు. మధ్యలో గుంటలో పడ్డట్టు ఆగితే కోన్ సెట్ (హ్యాండిల్ మెడలోని బేరింగులు) పోయింది. అది పెద్ద ఖర్చు కాదు, బేరంలో తగ్గించుకోవచ్చు.

మీటరును నమ్మవద్దు, రబ్బర్లను నమ్ము. 19 వేలు తిరిగిన బండికి ఫుట్‌రెస్ట్ రబ్బరు మీద గీతలు ఇంకా కనిపించాలి. బ్రేక్ పెడల్ నున్నగా అద్దంలా ఉంటే ఆ అంకె అబద్ధం. టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి. 2321 అంటే 2021లో 23వ వారం తయారైంది. బండి వయసుకు, టైరు వయసుకు, మీటరుకు పొంతన కుదరాలి.

ఇంకొకటి, మన ప్రాంతం సంగతి. పాల క్యాన్లు కట్టిన బండ్లు, మిర్చి యార్డు చుట్టూ బస్తాలు మోసిన బండ్లు సర్వీసు చేసి అమ్మకానికి వస్తాయి. వెనక పట్టుకునే కడ్డీ మీద, పక్క డూముల (సీటు కింద రెండు పక్కలా ఉండే మూతల) మీద కొక్కేల రాపిడి గీతలు ఉంటాయి. వెనక చక్రం పట్టుకుని కుడి ఎడమలకు ఊపితే కదులుతుంది, బుష్‌లు పోయి ఉంటాయి. అలాంటి బండి ఇంజిన్ ఎంత బాగున్నా నీ నలభై కిలోమీటర్లకు పనికిరాదు.

సింగ్‌నగర్‌వాసి | మంగళవారం, రాత్రి 11:05

పానా గారు అన్నీ చెప్పారు, నీళ్ల సంగతి ఒక్కటే మిగిలిపోయింది.

2024 సెప్టెంబరు 1న బుడమేరు మా వీధిలోకి వచ్చినప్పుడు నా బండి గేటు లోపల ఉంది. మేడ మీద నుంచి చూస్తుండగానే హ్యాండిల్ దాకా మునిగింది. ఆ మర్నాడే ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి పారింది. కిందికి దిగి నా బండి తాళం తిప్పడానికి నాకు ఆరు రోజులు పట్టింది. మా వీధిలోనే ఇలాంటివి పాతిక బండ్లు. బాగు చేయించుకుని వాడుకుంటున్నవారు ఉన్నారు. నిజం చెప్పి తక్కువకు ఇచ్చేసినవారు ఉన్నారు. నేను ఇచ్చేశాను, మునిగిన బండి అని అమ్మకం కాగితంలోనే రాయించాను. నిజం చెప్పకుండా అమ్మినవారూ ఉన్నారు. ఆ బండ్లు ఇప్పుడు రెండు మూడు చేతులు మారి ఉంటాయి. ఇప్పుడు అమ్ముతున్న మనిషికి కూడా తెలియకపోవచ్చు.

బురద నీరు పోయినా దాని జాడ పోదు. సీటు తీయించి బ్యాటరీ పెట్టె మూలలు చూడండి. ఎయిర్ ఫిల్టర్ పెట్టె లోపలి గోడ మీద టీ గ్లాసులో మిగిలే గీతలా ఒక చార ఉంటుంది. వైర్లు కలిసే ప్లాస్టిక్ ముక్కలు విప్పితే రాగి పచ్చబడి ఉంటుంది. హెడ్‌లైట్ విప్పితే వెనక గిన్నెలో పిండిలాంటి మెత్తటి మట్టి. దాన్ని ఎవరూ కడగరు, ఎవరూ చూడరు కాబట్టి. ఇంజిన్ ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే ఇంకా నీరు ఉన్నట్టే.

లక్ష్మీపురం_టీచర్ | బుధవారం, సాయంత్రం 6:40

నేను అమ్మినవారి వైపు నుంచి ఒక మాట చెప్పాలి. 2016లో మా వారి బండి అమ్మాము. కొన్నతను పేరు మార్పుకు కావాల్సిన ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు చేయించుకున్నాడు, పేరు తర్వాత మార్చుకుంటానన్నాడు. మేమూ సరే అన్నాము. మూడేళ్ల తర్వాత గుంటూరు కోర్టు నుంచి నోటీసు వచ్చింది. ఆ బండి ఎక్కడో ఒక మనిషిని గుద్దింది, బీమా లేదు, నడిపినవాడు ఆ కొన్నతను కూడా కాదు. ఆర్‌సీలో పేరు మాత్రం మా వారిది. బండి ఎవరి పేరున నమోదై ఉంటే పరిహారానికి వారే బాధ్యులని 2018లో సుప్రీంకోర్టు చెప్పిందని మా న్యాయవాది చూపించినప్పుడు మా వారు కుర్చీలోంచి లేవలేకపోయారు. రెండేళ్లు మా ఇంట్లో సరైన నిద్ర లేదు.

బాబూ, నువ్వు కొనేవాడివి. పేరు మార్పించుకోవడం నీకోసం మాత్రమే అనుకోవద్దు, అమ్మినవారి మెడ మీద కత్తి తీసినట్టు కూడా. ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టించి ఇస్తామని బ్రోకరు అంటే, అసలు ఓనరు ముందుకు రాకుండా ఆ బేరం చేయవద్దు.

ఆర్‌సీ_పుస్తకం | బుధవారం, రాత్రి 8:10

టీచర్ గారు చెప్పింది ప్రతి అక్షరం నిజం. చట్టం ప్రకారం ఒకే రాష్ట్రంలో అయితే అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో తెలియజేయాలి. అమ్మేవారు ఫారం 29 ఇచ్చి నకలు దాచుకోవాలి. కొనేవారు డబ్బు ఇవ్వకముందే పరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి ఓనరు పేరు, బీమా గడువు, ఫైనాన్స్ బాకీ చూడాలి. పెండింగ్ చలానాలు కూడా చూడాలి. లేకపోతే ఎవరో హెల్మెట్ లేకుండా తిరిగిన పాపం మీ జేబుకు చుట్టుకుంటుంది.

భవానీపురం_రైడర్ | బుధవారం, రాత్రి 9:25

హైదరాబాద్ బండికి నేను ఇంకా నంబరు మార్పించలేదు. ఏడాది దాటింది. ఆర్‌సీ_పుస్తకం గారూ, రేపు మీ దగ్గరకు వస్తాను.

ఒక విషయంలో మాత్రం పానా గారితో విభేదిస్తాను. తెలియనివారి దగ్గర కొనడం కన్నా, పాత బండ్లు తనిఖీ చేసి వారంటీతో అమ్మే షాపుల్లో నాలుగైదు వేలు ఎక్కువ పెట్టి కొనడం మేలు. కాగితాల పని వాళ్లే చూసుకుంటారు.

ఆటోనగర్_పానా | బుధవారం, రాత్రి 10:00

కాగితాల వరకు ఒప్పుకుంటాను రైడర్ గారూ. మెకానిక్ తెలియని మనిషికి, ఊరికి కొత్తవారికి అదే మంచి దారి. కానీ ఆ వారంటీ కాగితం ఒకసారి చదవండి. ఇంజిన్, గేరుబాక్సు అని రాసి ఉంటుంది. చైన్, క్లచ్ ప్లేట్లు, బ్యాటరీ, టైర్లు అందులో ఉండవు, ముందుగా ఖర్చు వచ్చేది వాటికే. షాపులో కొన్నా నేను చెప్పిన తనిఖీ తప్పదు.

బ్రాడీపేట_కుర్రాడు | ఆదివారం, మధ్యాహ్నం 1:45

వెళ్లి వచ్చాను. పానా అన్న తన షాపులో కుర్రవాడిని నాతో పంపారు, ఒక్క రూపాయి తీసుకోలేదు. ఆ మేలు మరచిపోను.

ఇంజిన్ చల్లగానే ఉంది, మొదటి కిక్‌కే అందుకుంది, పొగ లేదు. నాకు మనసు లాగేసింది. ఫుట్‌రెస్ట్ రబ్బర్లు సరికొత్తవి. అది చూసి ఆ కుర్రవాడు బ్రేక్ పెడల్ తడిమాడు. నున్నగా ఉంది. ఏమీ అనకుండా స్క్రూడ్రైవర్ తీసి హెడ్‌లైట్ విప్పుతానన్నాడు. బ్రోకరు వద్దన్నాడు. అసలు ఓనరు మంచివాడు, విప్పనివ్వండి అన్నాడు. విప్పగానే లోపల గిన్నె అడుగున బూడిద రంగు మట్టి, సింగ్‌నగర్‌వాసి గారు రాసినట్టే, పిండిలా. వేలితో తీస్తే వేలిముద్రల గీతల్లోకి దిగిపోయింది. వైర్ల ముక్క విప్పితే రాగి పచ్చగా ఉంది.

ఓనరు ముఖం చూస్తే జాలేసింది. ఆయన ఏడాది కిందటే కొన్నాడట, ఆయనకూ చెప్పలేదట. 62 నుంచి 50కి దిగారు. అన్నకు ఫోను చేశాను. "ఇప్పుడు నడుస్తుంది తమ్ముడూ, ఏ రాత్రి పదకొండింటికి కాజ టోల్‌గేటు దగ్గర ఆగుతుందో నేను చెప్పలేను" అన్నారు. వదిలేసి వచ్చాను.

సింగ్‌నగర్‌వాసి | ఆదివారం, మధ్యాహ్నం 3:20

ఆ మట్టి మా వీధిదే కావచ్చు. చదువుతుంటే ఒళ్లు జలదరించింది. మంచి పని చేశారు.

బ్రాడీపేట_కుర్రాడు | పై బుధవారం, రాత్రి 11:55

ఇంకొకటి దొరికింది, ఈసారి గుంటూరులోనే. పట్టాభిపురంలో పదవీ విరమణ చేసిన ఒక పెద్దాయన బండి. హీరో స్ప్లెండర్, 2019 మోడల్, 31 వేల కిలోమీటర్లు. ప్రతి సర్వీసు బిల్లునూ తేదీల వారీగా దారం కట్టి దాచారు. బిల్లుల్లో కిలోమీటర్లు వరుసగా పెరుగుతూ మీటరుతో కలుస్తున్నాయి. రబ్బర్లు అరిగాయి, కానీ మీటరుకు తగ్గట్టే అరిగాయి. అడుగుతున్నది 52 వేలు. చైన్ వదులుగా ఉంది. వెనక పళ్ల చక్రం పళ్లు ఒక పక్కకు వంగి కొడవలి మొనల్లా ఉన్నాయి. రెండు టైర్లూ బండితో వచ్చినవే.

ఆటోనగర్_పానా | గురువారం, ఉదయం 8:20

బిల్లులు దాచుకున్న మనిషి బండి కళ్లు మూసుకుని తీసుకోమని అననుగానీ, సగం నమ్మవచ్చు. విడిభాగాలు ఏ ఊళ్లోనైనా దొరికే బండి. ఆ చైన్ సెట్ మొత్తం మార్చాలి, మా షాపులో పదిహేను వందలు. గీతలు ఉన్నా ఆరేళ్లు దాటిన టైరు రబ్బరు గట్టిపడుతుంది, వానలో జారుతుంది. రెండూ కలిపి నాలుగు వేలు వేసుకో. ఈ అంకెలు కాగితం మీద రాసి ఆయన ముందు పెట్టు. "తగ్గించండి" అంటే పెద్దవాళ్లకు అవమానంగా ఉంటుంది. "దీనికి ఇంత అవుతుంది, చూడండి" అంటే వాళ్లే తగ్గిస్తారు.

ఆర్‌సీ_పుస్తకం | గురువారం, ఉదయం 9:40

2019 బండి కదా, బీమా జాగ్రత్తగా చూడండి. 2018 సెప్టెంబరు 1 తర్వాత అమ్మిన కొత్త బండ్లకు ఐదేళ్ల థర్డ్ పార్టీ బీమా ఒకేసారి కట్టించుకున్నారు. ఆ ఐదేళ్లూ 2024లో అయిపోయాయి. చాలామంది ఇంకా ఉందనే అనుకుంటూ తిరుగుతున్నారు.

బ్రాడీపేట_కుర్రాడు | శుక్రవారం, రాత్రి 11:40

బీమా ఉంది, ఆయన గత ఏడాది, ఈ ఏడాది కూడా కట్టారు. కానీ యాప్‌లో చూస్తే బండి మీద ఫైనాన్స్ బాకీ చూపిస్తోంది. అడిగితే ఆశ్చర్యపోయారు. 2021లోనే అప్పు తీరిపోయిందట. బీరువాలోంచి బ్యాంకు ఇచ్చిన కాగితం తీసి చూపించారు. తీరింది కదా అని దాన్ని అలాగే ఉంచేశారు. ఇప్పుడు ఏమి చేయాలి? డబ్బు ఇచ్చేయవచ్చా?

ఆర్‌సీ_పుస్తకం | శనివారం, ఉదయం 7:30

మొత్తం ఇవ్వవద్దు. అప్పు తీరినా ఆర్‌సీలో బ్యాంకు పేరు ఉన్నంతవరకు బదిలీ సాగదు. అప్పు తీరిందని బ్యాంకు సంతకం చేసిన ఫారం 35, నిరభ్యంతర పత్రం కావాలి. ఆయన దగ్గర ఉన్నది పాతదైతే బ్యాంకుకు వెళ్లి కొత్తది తీసుకోవాలి. ముందు బ్యాంకు పేరు తీయించి, ఆ తర్వాతే ఫారం 30. కొద్దిగా బయానా ఇచ్చి, ఎంత ఇచ్చారు, ఏ నంబరు బండికి, పేరు మారకపోతే తిరిగి ఇవ్వాలన్న మాటతో సహా రాయించుకోండి. ఇద్దరూ సంతకాలు చేయండి.

లక్ష్మీపురం_టీచర్ | శనివారం, ఉదయం 10:15

ఆ పెద్దాయనతో బ్యాంకుకు నువ్వు కూడా వెళ్లు బాబూ. ఒంటరిగా తిప్పవద్దు.

బ్రాడీపేట_కుర్రాడు | మూడు వారాల తర్వాత, ఆదివారం, ఉదయం 6:50

టీచర్ గారు చెప్పినట్టే ఆయనను వెంటబెట్టుకుని బ్యాంకుకు రెండుసార్లు వెళ్లాను. రెండోసారి కాగితాలు ఇచ్చారు. ఆర్‌సీలో బ్యాంకు పేరు పోయింది, నిన్న నా పేరు ఎక్కింది. పరివాహన్‌లో చూసి అమ్మకు చూపించాను. బీమా కూడా నా పేరుకు మార్పించడానికి దరఖాస్తు ఇచ్చాను.

బేరం 46,500కి కుదిరింది. చైన్ సెట్, టైర్లు రాసిన కాగితం చూపిస్తే ఆయన కళ్లద్దాలు పెట్టుకుని కూడి చూశారు. 5,500 అని పానా అన్న లెక్కనే ఆయనా తేల్చి, "అంతే తగ్గిస్తాను, అంతకన్నా వద్దు" అన్నారు. నేను ఇక అడగలేదు. చైన్, టైర్లు, ఆయిల్, బ్రేక్ షూలతో కలిపి ఆటోనగర్‌లో 6,400 అయింది. మొత్తం 52,900. అమ్మ ఇచ్చిన దానిలో ఏడు వేల పైచిలుకు మిగిలింది. మంచి హెల్మెట్ ఒకటి కొన్నాను, మిగిలింది అమ్మకు ఇచ్చేశాను.

తాళంతో పాటు ఆయన ఆ దారం కట్టిన బిల్లుల కట్ట కూడా ఇచ్చారు. చైన్ సెట్ బిల్లు దాని మీద పెట్టి మళ్లీ కట్టాను.